చాటలో అమ్మిన బిడ్డ

బాన్సువాడ బస్టాండు వెనక కాలనీలో, మండే ఎండపూట, వందన తన నాలుగేళ్ల కూతురు లాస్యకు పెరుగన్నం తినిపిస్తోంది. తినిపించడం అన్నది మర్యాదకు అనే మాట. ఒక బుక్క నోట్లో పెడితే రెండు బుక్కలు నేలమీద పడుతున్నాయి. రాత్రంతా పిల్లకు దగ్గు, తల్లికి జాగారం. దవాఖానల చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరిగాయి గానీ రొమ్ములో పిల్లికూతలు మాత్రం తగ్గలేదు.

లాస్య నోట్లోని అన్నాన్ని తల్లి ముఖాన ఉమ్మింది. వందన చెయ్యి లేచింది. చెంప ఛెళ్లుమంది.

"నువ్వు నా బిడ్డవే కాదు పో. నిన్ను ఎప్పుడో అమ్మినం. కొన్నదాని దగ్గరికే పో."

ఆ మాట ఉత్త కోపంలో పుట్టింది కాదు. పుట్టినప్పుడు లాస్య బతుకుతుందో లేదో అన్నట్టు ఉండేది. అప్పుడు అత్త పోసవ్వ పిల్లను చాటలో పడుకోబెట్టి, పాలు పోసే సోనాబాయికి దోసెడు నూకలకు అమ్మింది. మాయరోగం వెతుక్కుంటూ వస్తే ఈ ఇంట్లో బిడ్డే లేదని చెప్పడానికి. పిల్ల బతికి బట్టకట్టాక కొన్నామెకు చీర పెట్టి, 'నా బిడ్డను నాకియ్యి' అని అడిగి తెచ్చుకోవాలి. అది పద్ధతి.

వందన అడగలేదు. డిగ్రీ చదివిన మనిషి పాలమ్మే ఆమె ముందు కొంగు పట్టి నిలబడితే కాలనీ నవ్వదా అనుకుంది. రోజూ పొద్దున గిన్నెలో పాలు పోసి, సోనాబాయి తన మరాఠీలో "యే బాళా", రా బిడ్డా, అని పిల్లను పిలిచేది. వందన తలుపు వేసేసేది.

"చీర వెట్టి పిల్లను ఎప్పుడు తెచ్చుకుంటవ్ బిడ్డా" అని పోసవ్వ కోటగిరి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా రేపూ మాపూ అంది. పోయిన చలికాలం సోనాబాయి చనిపోయింది. పీడా పోయిందనుకుంది వందన.

లాస్య ఏడవలేదు. కంచం పట్టుకుని వెనక వాకిట్లోకి వెళ్లింది. ఇంతలో కరెంటు పోయి కూలర్ ఆగింది. వందన చాపమీద వాలింది.

కాసేపటికి వెనక వాకిట్లో మాటలు. ముసలి గొంతు, తినమని మెల్లగా బతిమాలుతోంది. "జేవ్ బాళా... జేవ్." పిల్ల నవ్వు. కంచం మీద చేతి గాజుల చప్పుడు. పక్కింటి అవ్వ అయ్యుంటుంది, తినిపిస్తోంది. లేచి చూడాలి. వందన లేవలేదు. తన బిడ్డను ఇంకెవరో మోస్తుంటే ఆమెకు హాయిగా అనిపించింది. ఆ హాయిలోనే కన్నంటుకుంది.

మెలకువ వచ్చేసరికి ఇంట్లో చడీచప్పుడు లేదు. పచ్చిపాల వాసన.

పక్కింటివాళ్లు నిన్ననే బీర్కూర్ పెళ్లికి పోయారు కదా... తాళం వేసి.

బాళా అని పిలిచేది ఒక్కతే.

వందన వెనక్కి ఉరికింది. కంచం ఖాళీ. ఒక్క మెతుకు లేదు. వాకిట్లోంచి సందులోకి పోయే తలుపు లోపలి నుంచే గడియ పెట్టి ఉంది... పిల్లకు అందనంత ఎత్తున.

లాస్య లోపలి గదిలో, మంచం అంచున పడుకుని ఉంది. తలకు నూనె రాసి, బిగించి వేసిన రెండు జడలు. దువ్వెన చూస్తేనే ఇల్లెగిరిపోయేలా ఏడ్చే పిల్ల. దగ్గు లేదు. ఊపిరి తేటగా ఆడుతోంది.

"లాస్యా... ఎవరే వచ్చింది?"

పిల్ల పెదాల మీద వేలు పెట్టుకుంది.

"మెల్లగ మాట్లాడు అక్కా. అమ్మ ఇప్పుడే పండుకుంది."

పిల్ల చూపులో కోపం లేదు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లను చూసినట్టు చూస్తోంది. మంచం రెండో వైపు పరుపు లోతుగా కుంగి ఉంది.

వందన బీరువాలోంచి కొత్త చీర లాగింది. రెండు చేతుల్లో పరిచి పట్టుకుని, ఎవరూ లేని ఆ వైపు మోకాళ్ల మీద కూలబడింది. ఇప్పుడు కాలనీ అంతా చూసినా ఆమెకు ఫికర్ లేదు.

"సోనక్కా... తప్పయింది. నా బిడ్డను నాకియ్యి."

లాస్య అటు తిరిగి విన్నది. కాసేపు తలూపింది.

"చీర ఒద్దంట. పెద్దగైనదాన్ని ఇస్తదంట... నీ కడుపులున్న చిన్నదాన్ని ఇయ్యమంటుంది."

ఆ సంగతి వందన ఇంకా భర్తకు కూడా చెప్పలేదు. మళ్లీ దగ్గు, మళ్లీ జాగారం, మళ్లీ దవాఖాన అని తలుచుకుని భయపడి, నోట్లోనే దాచుకుంది.

ఇవ్వను అనాలి. ఆ ఒక్క మాటే. నాలుక మీదికి వచ్చింది... ఆగింది. ఎందుకాగిందో ఆమెకు తెలుసు. తెలిసి సిగ్గుతో తల దించుకుంది.

మౌనం అర్ధాంగీకారం అంటారు.

మంచం కిర్రుమంది. కుంగిన పరుపు మెల్లగా పైకి లేచింది.

"అమ్మా" అంది లాస్య, చేతులు చాచి. వందన పిల్లను గుండెకు హత్తుకుంది. "ఇయ్యను... ఇయ్యను సోనక్కా" అని అప్పుడు అరిచింది.

వెనక వాకిట్లో ఎవరో అప్పటికే జోల పాడుతున్నారు.