చూస్తే పారిపోయే నూనె

జెర్సీనా అవ్వ నిన్నటినుంచి కనబడటం లేదు.

మా ఏటివెంట దోమల్ని తోలాలన్నా, దెబ్బ వాపు తీయాలన్నా ఆవిడ తీసిన ఆండిరోబా గింజల నూనే గతి. ఓసారి నా విరిగిన తెడ్డుకి రాస్తే తెల్లారేసరికి అతుక్కుంది. నమ్మకపోతే మానెయ్యండి. ఈమధ్య పట్నం సబ్బుల కంపెనీ కూడా ఆ నూనె కోసం పడవేసుకుని వస్తోంది.

కంపెనీకి అమ్ముదామన్నాడు అల్లుడు ఒడైర్. చస్తే అమ్మనంది అవ్వ. ఆ గొడవ ఊరంతా విన్నది. అందుకే ఇప్పుడు ఒడైర్ చేతులకి బేడీలు. మర్డర్ కేసు. పోలీసు పడవ రేవులో సిద్ధంగా ఉంది.

ఇన్‌స్పెక్టర్ తెనోరియో పట్నం మనిషి. ఇంటి చెక్కమెట్ల మీద కూర్చుని అవ్వ కూతురు నజీల్డాని అడిగాడు.

"ఎక్కడెక్కడ వెతికారు?"

"ఏట్లో వలలేసి లాగాం సార్. అడవంతా తిరిగాం."

"ఆ గుడిసెలో?" ఇంటి వెనక్కి వేలు చూపించాడు.

అక్కడున్న వాళ్లమంతా గబుక్కున తల తిప్పేసుకున్నాం.

"అది అమ్మ నూనె తీసే చోటు," అంది నజీల్డా. " గింజల పిండి వాలుబల్ల మీద పెట్టి ఒక్కతే తీస్తుంది. ఇంకో కన్ను పడితే నూనె పారిపోతుంది."

"నూనెకి కాళ్లున్నాయా?"

"నవ్వకండి సార్," అన్నాడు ఒడైర్. "ఓసారి నేను తొంగిచూశా. చుక్క కారలేదు. ఆ నెలంతా మా అత్త నాకు చేపముక్క వెయ్యలేదు."

తెనోరియో నవ్వలేదు.

"ఆఖరిసారి మీ అమ్మని ఎప్పుడు చూశారు?"

"నిన్న పొద్దున లోపలికెళ్లింది. మధ్యాహ్నం దాకా పిండి చప్పుడు వినబడింది. టప్, టప్‌మని. తర్వాత ఆగిపోయింది. పని ముగించి ఏటికి వెళ్లిందనుకున్నా."

"పిండి దంచుతుందా?"

"లేదు. ఉడికిన గింజలేగా. మెత్తగా పిసుకుతుంది, అంతే."

"పిసికితే చప్పుడెలా వస్తుందమ్మా?"

నజీల్డా గుడిసె వైపు తల తిప్పింది.

తెనోరియో ఒక్కడే గుడిసెకి నడిచాడు. తలుపు తోశాడు. కాసేపటికి నెమ్మదిగా పిలిచాడు.

"రామ్మా. ఇక చూడొచ్చు."

అవ్వ వాలుబల్ల పక్కన పడి ఉంది. తుంటి విరిగింది. ఒళ్లు చల్లబడి చాలాసేపయింది. ఇంటివైపు చెక్కగోడ మీద, నేలకి జానెడెత్తున, నూనె పిడికిలి గుర్తులు. ఒకదాని మీద ఒకటి.

తెనోరియో ఒడైర్ బేడీలు తీశాడు.

"హత్య కాదు. జారిపడింది. అరిచే ఓపిక లేక గోడ తట్టింది."

నజీల్డా ఆ గుర్తుల మీద తన పిడికిలి ఆనించింది.

"విన్నాను సార్. ఈ గోడకవతలే ఆసాయి పళ్లు పిసుకుతూ కూర్చున్నా. ఇవాళ అమ్మ మంచి హుషారుగా ఉందే అనుకున్నా."

ఊరంతా ఆ గుడిసెలోనే ఉంది. అందరి కళ్లూ వాలుబల్ల మీదే.

నూనె ఎక్కడికీ పారిపోలేదు. బల్ల చివర్నుంచి గిన్నెలోకి ఒక చుక్క పడింది. కాసేపటికి ఇంకో చుక్క.