లాయరుగారి కోటు సాక్షిగా

ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోవడం మానేసి చాలా రోజులైంది. మానేశారంటే మాటలు ఆగిపోయాయని కాదు, దారి మళ్ళాయంతే. "కూరలో ఉప్పెక్కువైందని ఇంట్లోవాళ్ళకి కాస్త చెప్పు" అని ఆయన పాలవాడితో అనేవాడు. "తినేవాళ్ళకి నోరు కూడా ఎక్కువైందని చెప్పు" అని ఆవిడ అదే పాలవాడికి జవాబిచ్చేది. పాపం, పాలవాడు ఎవరికీ ఏమీ చెప్పకుండా సైకిలెక్కేవాడు.

వాళ్ళది లాండ్రీ. కింద షాపు, పైన ఇల్లు. వీధిలోని బట్టలన్నీ అక్కడే ఉతికించుకుని, ఇస్త్రీ చేయించుకుని, హ్యాంగర్లకెక్కేవి. ఇస్త్రీ బల్ల ముందు నిలబడి నిలబడి ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. పక్క ఊళ్ళో ఉన్న కూతురు "చేసింది చాలు, ఇద్దరూ వచ్చేయండి" అని ఎప్పట్నించో పోరుతోంది. ఆవిడకి వెళ్ళాలని ఉంది. ఆయన ససేమిరా అన్నాడు. మాటా మాటా పెరిగి, ఓ రోజు షాపులో నలుగురి ముందు అనేశాడు: "వెళ్తే వెళ్ళు! నాకేం తక్కువ? నాకు వీధంతా ఉంది!"

అంతే, ఆవిడ నోటికి తాళం పడింది. పెట్టె సర్దుకుని, ఫలానా పొద్దున బస్సెక్కుతున్నానని, ఇక వచ్చేది లేదని ఎదురింటి పిన్నికి చెప్పింది. ఆ పిన్నికి వార్తల పిన్ని అని పేరు. పేరు ఊరికే రాలేదు. చెప్పిన గంటలో వీధి చివర బేకరీ దాకా తెలిసిపోయింది.

ఆ పొద్దున రానే వచ్చింది.

ఆవిడ లేచి స్టవ్ వెలిగించబోతే పైపులో గ్యాస్ రాలేదు. స్విచ్ వేస్తే లైటు వెలగలేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ చార్జింగ్ లేక చచ్చి పడుంది. "వెళ్ళిపోయే రోజున కాఫీ కూడా దక్కనివ్వదు ఈ కొంప" అని సణుక్కుంటూ పెట్టె పట్టుకుని కిందికి దిగింది. ఆయన అప్పటికే షట్టర్ ఎత్తి, మడిచిన దుప్పట్లనే మళ్ళీ మడుస్తున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూడనట్టు నటించారు. నటన కుదరలేదు.

బస్ స్టాపు సరిగ్గా షాపుకి ఎదురుగానే. ఆవిడ వెళ్ళి బెంచీ మీద కూచుంది. బస్సు రాలేదు. పాలవాడూ రాలేదు. వీధిలో ఒక్క స్కూటరు చప్పుడు లేదు. ఆవిడ తలెత్తి వార్తల పిన్ని కిటికీ వైపు చూసింది. కిటికీ తెరిచే ఉంది, కిటికీలో పిన్ని లేదు. అప్పుడు ఆవిడకి మొదటిసారి భయమేసింది. బస్సు రాకపోవడం మామూలే కానీ, ఒక మనిషి పెట్టెతో వీధిలో కూచుంటే పిన్ని కిటికీలో లేకపోవడమేమిటి!

ఆయనకీ అనుమానం వచ్చింది. రోడ్డు మీదికొచ్చి కేకేశాడు. "బేకరీ బాబాయ్! డాక్టరుగారూ! ఓ పిన్నీ!" ఎవరూ పలకలేదు. నాలుగు తలుపులు తట్టి, వెళ్ళినంత ధీమాగా కాకుండా గబగబా తిరిగొచ్చాడు. ఆవిడ ముందు నిలబడి నోరు తెరిచాడు. ఎవరి ద్వారా మాట్లాడాలో తోచలేదు. ఒక కుక్క అటుగా పోతుంటే దాన్ని పట్టుకున్నాడు. "ఏరా, ఎండెక్కుతోంది, లోపలికొచ్చి కూచోమని చెప్పు."

కుక్క తన దారిన తాను పోయింది. ఆవిడ లేచి షాపులోకి వచ్చింది. కుక్క మాట విని కాదు, ఆ నిశ్శబ్దం భరించలేక.

లోపల వీధంతా వేలాడుతోంది. డాక్టరుగారి తెల్లకోటు, బేకరీ బాబాయి టోపీ, స్కూలు పిల్లల యూనిఫారాలు... మనుషులు లేరు, వాళ్ళ బట్టలున్నాయి. ఆవిడ చుట్టూ చూసి, లాయరుగారి నల్లకోటు తీసి మధ్యలో మేకుకి తగిలించింది.

"లాయరుగారూ, ఈయనగారికి వీధంతా ఉందిట. ఎక్కడుందో చూపించమనండి."

ఆయన కోటు వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు. "కోపంలో అన్న మాట లెక్కలోకి రాదని చెప్పండి."

"కోపంలోనే కదండీ లోపలి మాట బయటికొచ్చేది!"

"వెళ్ళిపోతానని ముందు అన్నదెవరో కూడా అడగండి లాయరుగారూ. మీరు ఇద్దరి వాదనా వినాలి."

"ఎందుకన్నానో అడిగారా? మోకాళ్ళు నొప్పంటే తైలం సీసా తెచ్చి బల్ల మీద పెట్టారు. సీసా అయిపోతే ఇంకోటి తెచ్చారు. 'నువ్వు కూచో, నేను చేస్తా' అని ఒక్కసారి, ఒకే ఒక్కసారి అన్నారా మీరు?"

అనేటప్పుడు ఆవిడ కోటు వైపు చూడటం మరిచిపోయింది. ఆయన కళ్ళలోకే చూస్తూ అడిగింది. ఆయన పక్కకి తిరిగాడు. హ్యాంగర్లు సర్దాడు, తీశాడు, మళ్ళీ సర్దాడు.

"నాకు భయమే," అన్నాడు చివరికి. "ఇక్కడ నేను లాండ్రీ ఆయన్ని. నలుగురూ పిలుస్తారు. అక్కడ అల్లుడింట్లో సోఫా మీద పేపరు చదువుకునే ముసలాయన్ని. నన్నెవరు పిలుస్తారే?"

"ఆ ముక్క నాతో చెప్పొచ్చుగా?"

"నువ్వు మాట్లాడటం మానేశావుగా!"

ఆవిడ ఆపుకోలేక ఫక్కున నవ్వింది. ఆయనా నవ్వాడు. బిస్కెట్ల డబ్బా తెరిచి ఇద్దరూ బల్ల మీద పెట్టుకుని తిన్నారు.

"నిజంగా లోకంలో మనమిద్దరమే మిగిలామంటావా?" అన్నాడాయన.

"అయితే ఇస్త్రీ బాధ తప్పింది."

"భలేదానివే! నీ కంటికి కనపడటానికైనా నాకు మంచి చొక్కా ఉండద్దూ?"

ఆవిడ సిగ్గుపడి బిస్కెట్ పొడి దులుపుకుంది. కానీ పెట్టె గుమ్మం దగ్గరే ఉంది. ఆయన దాని వైపే చూస్తూ, "మరి బస్సొస్తే?" అన్నాడు.

"వస్తే వెళ్తాను," అంది ఆవిడ మెల్లగా. "నావల్ల కావట్లేదండీ."

ఆయన ఇస్త్రీ బల్ల కిందికి ఓసారి చూశాడు.

అంతలోనే వీధి మొగలో హారన్లు మోగాయి. ఒకటి కాదు, మూడు బస్సులు. వాటిలోంచి వీధంతా బిలబిలమంటూ దిగింది. అందరికంటే ముందు దిగిన వార్తల పిన్ని, షాపులో ఇద్దర్నీ చూసి గుండెల మీద చెయ్యేసుకుంది.

"ఓరి నాయనో! మీరిక్కడే ఉన్నారా? వీధి మొగలో గ్యాస్ పైపు లీకైందర్రా! తెల్లారకముందే కరెంటు కూడా ఆపేసి, అందర్నీ లేపి స్కూలుకి తీసుకెళ్ళారు. ఇప్పుడే బాగుచేసి వదిలారు. మీ తలుపు ఎంతలా బాదామో!"

మొగుడూ పెళ్ళాం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"వినపడింది. మీరు తీస్తారనుకున్నా," అంది ఆవిడ.

"నాకూ వినపడింది. నువ్వు తీస్తావనుకున్నా," అన్నాడాయన.

"బాగుంది సంబడం!" అంది పిన్ని. "ఎంతకీ తీయకపోతే, ఇద్దరూ ఊరెళ్ళిపోయారని నేనే చెప్పా."

"ఇద్దరమేమిటి పిన్నీ? వెళ్తానన్నది నేనేగా?"

పిన్ని ఆయన వైపు చూసింది. ఆయన పైకప్పు వైపు చూశాడు.

"ఇతను నిన్న నా దగ్గరికొచ్చి చెప్పాడుగా! 'అది ఏ బస్సెక్కితే నేనూ ఆ బస్సే పిన్నీ, వెనక సీట్లో కూచుంటా. అది లేని వీధి నాకెందుకు' అని. ఎవరికీ చెప్పొద్దన్నాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక మాట దాచానమ్మా, నీ దగ్గర కూడా!"

వీధిలో అందరికీ అన్నీ చెప్పే మనిషి, చెప్పాల్సిన ఒక్క మాటా కడుపులో పెట్టుకుంది. ఆవిడ ఇస్త్రీ బల్ల కిందికి వంగి చూసింది. పాత సంచీ ఒకటుంది. బయటికి లాగి తెరిచింది. ఆయన చొక్కాలే, ఉండలు చుట్టి కుక్కినవి.

లాయరుగారు వచ్చి, ఏ కేసు నడిచిందో తెలియకుండానే తన కోటు తీసుకుని వెళ్ళాడు. కరెంటొచ్చి ఫ్యాను తిరిగింది. ఆవిడ సంచీలోని బట్టలన్నీ బల్ల మీద కుమ్మరించింది. తనని రావద్దంటోందేమో అనుకున్నాడాయన.

"ఇదేం సర్దడం!" అంది ఆవిడ. కళ్ళనిండా నీళ్ళున్నా గొంతు మాత్రం పెంచింది. "ఈ నలిగిన చొక్కాలేసుకుని కూతురింటికొస్తారా? మన లాండ్రీ పరువేం కావాలి?"

ఇస్త్రీపెట్టె కోసం చెయ్యి చాచింది. ఆయన ఆ చేతిని ఆపి, ఇస్త్రీపెట్టె తను అందుకున్నాడు. కస్టమర్ల కోసం ఉంచిన స్టూలు కాలితో ఇవతలికి లాగాడు.

"నువ్వు కూచో. నేను చేస్తా."

ఆవిడ కూచుంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. బయట స్టాపులో ఆగిన పక్క ఊరి బస్సు డ్రైవరు హారన్ కొట్టి, "ఎక్కేవాళ్ళున్నారా?" అని అరిచాడు.

"తర్వాతి బస్సుకి వస్తాం," అని ఆవిడ కూచున్న చోటునుంచే కేకేసింది. "మా ఇద్దరికీ సీట్లుంచమనండి. పక్కపక్కనే!"