గడ్డం కింద ఒక్క వేలు

ఆ రోజు జులై పదకొండని కుర్ర సర్జన్‌కి ఇప్పటికీ గుర్తే. పొద్దున్నే క్యాంటీన్‌లో రెండు బ్రెడ్ ఆమ్లెట్లు లాగించాడు. పొట్ట నిండా ఆమ్లెట్లు, బుర్ర నిండా గర్వం. నెలల పిల్లవాడికి హెర్నియా ఆపరేషన్ నీట్‌గా చేశాడు మరి! నలుగురూ మెచ్చుకుంటారేమోనని రికవరీ గది దాకా వెంటబడి వచ్చాడు. మత్తులో ఉన్న పసివాడి తల కింద టవల్ మడిచి మురిపెంగా పెట్టాడు.

"ఎవరండీ ఈ మహారాజుకి దిండు వేసిన మహానుభావుడు?"

మత్తు డాక్టరమ్మ. చూపులతోనే కుట్లు విప్పేసే రకం.

"నేనే. హాయిగా నిద్రపోతాడని..."

"నిద్రా? గడ్డం గుండెకి ఆనింది. పొట్ట లేస్తుంటే ఛాతీ లోపలికి పోతోంది. గాలి ఆడటం లేదు సార్!"

ఆమె టవల్ లాగి, భుజాల కిందకి తోసి, గడ్డం కాస్త పైకెత్తింది. సన్నగా ఊపిరి వినిపించింది.

"మానిటర్‌లో ఆక్సిజన్ నంబర్ బాగానే ఉందిగా?" అతను నసిగాడు.

"నంబర్ పడిపోయేదాకా ఆగుదామా? పసిపిల్లల తల పెద్దది. దిండు వేస్తే మెడ ముడుచుకుపోతుంది. కత్తి పట్టడం నేర్పినవాళ్ళు ఇది చెప్పలేదా?"

ఆ తిట్లు తిన్నాక బుద్ధున్నవాడైతే ఆ ఛాయలకు రాడు. ఇతను రోజూ వచ్చాడు. ఆమె రోజూ తిట్టింది.

ఓ సాయంత్రం ఆమె ఆపరేషన్ అయిన ఓ పసిపాపని చూసుకుంటుంటే పక్క మంచం మీది పిల్ల వాంతి చేసుకుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టిన పసిపాపని అతనికి అప్పగించి అటు పరిగెడుతూ ఆమె అంది: "గడ్డం కింద ఒక్క వేలు. ఎముక మీదే. మెత్తటి చోట నొక్కితే నాలుక వెనక్కి పోతుంది. రెండో చెయ్యి ముక్కు దగ్గర. కదిలారో, చూస్కోండి!"

అతని జేబులో ఫోన్ మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది. అతను కదల్లేదు. ఊపిరి వేళ్ళకి వెచ్చగా తగులుతోంది. కాసేపటికి పాప కళ్ళు తెరిచి కెవ్వుమంది.

"ఫోన్ ఎత్తలేదేం?" తిరిగొచ్చి అడిగిందామె.

"మూడో చెయ్యి లేదుగా. మా అమ్మే. పెళ్ళెప్పుడని నస."

"ఏం చెబుతారు?"

"నన్ను రోజూ తిట్టే ఒకావిడ ఉంది, ఒప్పుకుంటే రేపేనని."

"ఆవిడ తిట్లు మానదు."

"మానమని ఎవరన్నారు?"

ఆమె పాపని వార్డుకి పంపేసింది.

డ్యూటీ దిగేముందు ఇద్దరూ వార్డులో పాప గదిలోకి తొంగి చూశారు. పాప పక్కకి తిరిగి పడుకుంది. తల్లి కుర్చీలోనే కునుకు తీస్తోంది. అతని చూపు ముందు పాప గడ్డం మీదికి, తర్వాత ఛాతీ మీదికి వెళ్ళింది. పక్కనే ఉన్న తనని అతను మర్చేపోయాడని ఆమె గమనించింది. ఎంత వెతికినా తిట్టడానికి ఏమీ దొరకలేదు.

"రేపు మీ అమ్మగారితో నేనే మాట్లాడతాను. మీరు చెబితే అదీ తలకిందులు చేస్తారు" అని గుసగుసగా అని, చప్పుడు కాకుండా తలుపు మూసింది.