దొర ఇంట్లో దెబ్బలు

పొద్దుగూకాక దీవి కొసనున్న దొర ఇంటివైపు కుక్క కూడా పోదు. తప్పిపోయి అటు వెళ్లినవాళ్లు చెప్పేది ఒకటే — లోపల ఎవరో ఎవరినో కొడుతుంటారు. థడ్... థడ్... మధ్యలో మూలుగు.

దొర పోయి చాలా ఏళ్లయింది. వారసులు దీవిని అమ్ముతామంటే, జనమే ఒక ధర్మసంస్థ పెట్టి, ఊరూరా చందాలడిగి కొనుక్కున్నారు. ఇప్పుడది ఏ ఒక్కడి సొత్తూ కాదు. ఏం చెయ్యాలన్నా అందరూ చేతులెత్తాల్సిందే.

ఆ సాయంత్రమూ ఎత్తారు. దొర ఇంటిని కూల్చకూడదు, బాగుచేసి పదిమందికీ చూపించాలని.

ఎత్తనివాడు వడ్రంగి ఒక్కడే. అతని తండ్రిని ఆ ఇంట్లో స్తంభానికి కట్టేసి, పక్కటెముకలు విరిగేదాకా తెడ్డుతో కొట్టి చంపాడు దొర. అయినా సొంత తల్లి కూడా చెయ్యెత్తింది!

"దీవి మనదైతే ఆ ఇల్లూ మనదే బావా," అన్నాడు పడవ నడిపే బావమరిది. "ఒంటి మీది మచ్చ. గోక్కుంటే పోతుందా?"

"నీ ఒంటి మీదుంటే తెలిసేది," అని లేచొచ్చేశాడు వడ్రంగి.

చీకటి చిక్కబడ్డాక బయల్దేరాడు. ఒక చేత కిరసనాయిలు డబ్బా, ఒక చేత బాడిశ. తెల్లారేసరికి ఆ ఇల్లు బూడిద కావాలి.

గడప దాటాడో లేదో —

థడ్!

స్తంభం దగ్గర నల్లటి ఆకారం... పైకెత్తిన తెడ్డు...

దొర! చచ్చినా వదల్లేదు. ఇంకా నాన్ననే కొడుతున్నాడు...

భయం ఎప్పుడు కోపమైందో తెలీదు. డబ్బా వదిలేసి బాడిశతో మీద పడ్డాడు. ఆకారం తూలింది. బాడిశ భుజం చీల్చుకుంటూ పోయి స్తంభంలో దిగబడింది. చేతి మీద వెచ్చగా చిమ్మింది.

నెత్తురు.

దెయ్యానికి నెత్తురా...?

"నీ చేతులు పడిపోను! ఎవడ్రా?"

అమ్మ గొంతు!

అగ్గిపుల్ల గీశాడు. తల్లి భుజం అదిమి పట్టుకుని రొప్పుతోంది. స్తంభం నడుం నమిలేసిన చెరకుగడలా ఉంది.

"అమ్మా... ఇన్నేళ్లూ నువ్వా?"

"దొర నిద్రలో సుఖంగా పోయాడు," గుసగుసగా అంది. "నా చేతికి ఈ స్తంభమొక్కటే మిగిలింది."

"ఇక చాలమ్మా. కాల్చేస్తాను. పద బయటికి."

ఆమె వంగి, ఉఫ్‌మని అగ్గిపుల్ల ఆర్పేసింది.

"కాల్చేస్తే..." చీకట్లో తెడ్డు మళ్లీ లేచిన చప్పుడు. "రేపు నేను దేన్ని కొట్టనురా?"