లేని సీటుకు ఇంటర్వ్యూ

"పాలిమర్ సైన్స్‌లో డాక్టరేట్ సీట్లు, పూర్తి స్కాలర్‌షిప్. ప్రకటన దొంగది," అన్నాడు చీఫ్. "ఎవరి శాంపిల్ వాళ్ళు తెచ్చుకోవాలట. దాని వెనకున్న విదేశీ ముఠాకి కావలసింది విద్యార్థులు కాదు, శాంపిల్ సీసాలు. నువ్వు ఇంటర్వ్యూ బోర్డులో ప్రొఫెసర్ వేషంలో కూర్చుంటావు. పక్కన కూర్చునే ఆవిడ, 'నెమలి' అంటారు, మన మనిషే."

నెమలి రెండువైపులా జీతం తీసుకుంటోందని మాస్టారికి తెలిసేసరికి ఆలస్యమైంది. చీఫ్ ఈ పని అప్పగించిన ఏజెంటుని గూఢచారి శాఖలో అందరూ మాస్టారనే పిలుస్తారు. ఇంటర్వ్యూ బల్ల కింద అతని పక్కటెముకలకు పిస్టల్ ఆనింది. నవ్వుతూ అతని కాలర్ సర్ది, అందులోని మైకు పీకేసింది నెమలి.

"నోరు విప్పావో, మొదటి గుండు లోపలికొచ్చే పిల్లకే," అంది మెల్లగా.

ఆ పిల్ల వచ్చింది. ఇస్త్రీ చేసిన చీర, చేతిలో గోధుమరంగు సీసా.

"విమానం రెక్క పగిలితే అతికించే రెసిన్ మేడమ్. మూడేళ్ళ పని."

"ఇంతేనా ఉంది?"

"ఇంతే మేడమ్. మా గైడ్ రిటైరయ్యారు, ల్యాబ్ మూసేశారు. ఈ సీటు కూడా రాకపోతే అమ్మ ఇంక చదువు చాలంటోంది."

వెళ్ళిపోమ్మా అని అరవాలనిపించింది మాస్టారికి. ప్రొఫెసర్‌లా తల పంకించాడు. అతను చేయగలిగింది అంతే.

నెమలి హ్యాండ్‌బ్యాగులోంచి సెంటు సీసా తీసింది. తనిఖీలో ఎవరికీ అనుమానం రాని, రంగులేని అందమైన గాజు సీసా. రెసిన్ అందులోకి వంచింది.

"మేడమ్, ఆ సీసా వద్దు..."

"బోర్డు మాట్లాడేటప్పుడు మధ్యలో రాకూడదమ్మా. ఫలితం ఉత్తరంలో వస్తుంది."

ఒక చేతిలో సెంటు సీసా, ఇంకో చేతిలో పిస్టల్‌తో మాస్టారిని ముందు నడిపిస్తూ నెమలి మెట్లు దిగింది. వాకిట్లో కారు ఇంజన్ ఆగకుండా తిరుగుతోంది. నడినెత్తి మీద ఎండ. కారు దగ్గరికి రాగానే కెవ్వుమంది. గోధుమరంగు సీసా అడ్డుకునే ఎండ ఈ గాజులోంచి నేరుగా తగిలి, రెసిన్ గట్టిపడుతూ నిప్పులా కాలింది. సీసా కింద పడింది, దానితోపాటు పిస్టల్ కూడా. మాస్టారు చేసిందల్లా వంగి పిస్టల్ తీయడమే.

డ్రైవర్ చేతులెత్తాడు. గాజు ముక్కల మధ్య రాయిలాంటి ముద్ద మిగిలింది. ఇక దాన్ని ఏ ద్రావకమూ కరిగించదు, ఏ ల్యాబూ దాని గుట్టు విప్పలేదు.

"ఎలా ఆపావు?" ఫోనులో చీఫ్.

"నేను కాదు సార్. ఎండ."

"రిపోర్టులో ఎండ అని రాయలేం. నీ పేరే రాసుకో."

ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని ముద్ద వైపు చూస్తోంది. మాస్టారు జరిగినదంతా చెప్పాడు. ఆమె ఏడవలేదు.

"అంటే సీటే లేదా సార్?"

"లేదమ్మా."

చీర దులుపుకుని లేచింది. "వచ్చే నెల ఇంకోచోట ఇంటర్వ్యూ ఉంది. నా పని మీరు చూశారుగా. ఒక రికమెండేషన్ లెటర్ రాసిస్తారా?"

మాస్టారు పెన్ను తీశాడు. కాగితం మీద నాలుగు మంచి మాటలు రాశాడు. సంతకం దగ్గర ఆగిపోయాడు. అతనికి పదకొండు దొంగపేర్లున్నాయి. ఒక్కటీ ఆమెకు పనికొచ్చేది కాదు.