మూడో పిలుపు

అత్యవసర విభాగంలోని నిరీక్షణశాలకు కిటికీలు లేవు. బయట మధ్యాహ్నం మూడు గంటల ఎండ కాస్తున్నా, లోపల ట్యూబులైట్లు పాలిపోయిన వెలుగును చిమ్ముతూనే ఉన్నాయి. ఫినాయిలు వాసన, దాని అడుగున తడి దూది వాసన, ఆ రెంటి అడుగున పేరు పెట్టలేని మరొక వాసన. నేలకు బిగించిన ఇనుప కుర్చీలు. గోడమీద, తీగలు తెగి వేలాడుతున్న స్పీకరు. అది మూగపోయి ఎన్నేళ్లయిందో గాని, నర్సులు కౌంటరు దగ్గర నిలబడి నోటితోనే నంబర్లు పిలుస్తున్నారు. దాని కింద ఒక బోర్డు: "మీ నంబరును మూడుసార్లు మాత్రమే పిలుస్తాము. పలకనివారు వెళ్లిపోయినట్లు నమోదు చేస్తాము."

కండక్టరమ్మ ఆ బోర్డును చదివి మూతి ముడిచింది. ముప్పై ఏళ్లు బస్సులో టిక్కెట్లు కొట్టి ఇంటిపట్టున కూర్చున్నా, వీధిలో అందరికీ ఆమె కండక్టరమ్మే. పక్కన కడుపు పట్టుకొని ముడుచుకుపోయి కూర్చున్నది ఆమె చెల్లెలు. ఆ ఇద్దరికీ ఒకరికొకరు తప్ప లోకంలో మరెవరూ లేరు.

వచ్చీరాగానే ఒక నర్సు చెల్లెలి నాడి చూసి, "నొప్పి ఎంతుందమ్మా?" అని అడిగింది. పొద్దుటినుంచి నేలమీద దొర్లిన మనిషి, నర్సు ముందు జుట్టు సర్దుకొని, "పెద్దగా ఏం లేదండీ, ఓర్చుకోగలను" అన్నది. ప్రాణాపాయం ఉన్నవారికి ఎర్రపట్టీ, తరువాతివారికి పసుపుపట్టీ, ఆగగలిగినవారికి ఆకుపచ్చపట్టీ కట్టడం అక్కడి పద్ధతి. చెల్లెలి మణికట్టుకు ఆకుపచ్చపట్టీ పడింది. దానిమీద అరవై మూడు అన్న అంకె.

"నీ మర్యాద మండిపోను! నోరుంది దేనికే నీకు?"

"ఆవిడ మాత్రం ఏం చేస్తుందక్కా? ఎంతమందిని చూసుకోవాలి..."

"అయితే వెళ్లి ఆవిడ పక్కన కూర్చో. ఇద్దరూ కలిసి కట్టుదురుగాని పట్టీలు."

చెల్లెలు నవ్వబోయి, నొప్పికి పెదవి కొరుక్కున్నది.

రెండు గంటలు గడిచాయి. కండక్టరమ్మ కౌంటరు దగ్గరికి నాలుగుసార్లు వెళ్లింది. నాలుగుసార్లూ ఒకటే జవాబు: "కోపం తగ్గించుకోండమ్మా. ఇక్కడ వచ్చిన వరుస కాదు, ప్రమాదాన్నిబట్టి పిలుస్తాం."

నాలుగోసారి పళ్లు కొరుకుతూ తిరిగివచ్చేసరికి, చెల్లెలికి అవతలి కుర్చీలో ఒక ముసలావిడ కూర్చొని ఉన్నది. నున్నగా దువ్విన తల, ఒడిలో పొందికగా పెట్టుకున్న చేతులు. మణికట్టున ఆకుపచ్చపట్టీ, పచ్చదనమన్నది మిగలనంతగా వెలిసిపోయింది. అంకె మాత్రం కనిపిస్తున్నది. నలభై ఏడు.

"నలభై ఏడును ఎప్పుడో పిలిచేశారు కదండీ! మీరు పలకలేదా?"

"పలికాను తల్లీ" అన్నది ముసలావిడ గుసగుసగా. "వాళ్లకు వినపడలేదు."

"లేచి గట్టిగా అడగాల్సింది!"

"అందరూ కోపం తగ్గించుకోమన్నారు. తగ్గించుకున్నాను. బుద్ధిగా కూర్చున్నాను." ఆ గొంతులో ఇనుము ఇనుముతో రాసుకున్నట్లయింది. "మీరు మాత్రం తగ్గించుకోకండి. మీ చెల్లెలి గోళ్లు చూడండి."

కండక్టరమ్మ చెల్లెలి చెయ్యి అందుకున్నది. మంచుగడ్డలా ఉన్నది. గోళ్లు నీలంగా మారుతున్నాయి.

కిక్కిరిసిన బస్సును ఒక్క కేకతో ఆపిన ఆ గొంతు లేచింది. "ఆపండి మీ రాతలు! ఇక్కడ మనిషి చల్లబడిపోతుంటే కళ్లకు కనబడటంలేదా?"

కౌంటరు అద్దం అదిరింది. డాక్టరు పరుగున వచ్చి, కడుపు నొక్కి చూసి, కంగారుపడ్డాడు. "లోపల రక్తం పోతోంది. పచ్చపట్టీ ఎవరు కట్టారు ఈవిడకు?" స్ట్రెచరు వచ్చింది. చెల్లెలు లోపలికి వెళ్లిపోయింది.

కుర్చీలో కూలబడిన కండక్టరమ్మ ముందు ముసలావిడ లేచి నిలబడింది. "తల్లీ, ఒక్కసారి అలా వెళ్లొస్తాను. కుర్చీమీద రుమాలు వేసి వెళ్తున్నాను. నా నంబరు పిలిస్తే, నా బదులు మీరు పలుకుతారా?"

"భలేవారే! రుమాలు వేసిన సీటును నా బస్సులో ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు నేను. మాటిస్తున్నాను, వెళ్లిరండి."

ముసలావిడ అటు వెళ్లాక చూస్తే, రుమాలు తడిగా ఉన్నది. పేరు పెట్టలేని ఆ వాసన దానినుంచే వస్తున్నది.

అంతలో నేల తుడుస్తూ వచ్చిన ముసలి ఆయా, "ఎవరితోనమ్మా మాటలు?" అని అడిగింది.

"ఇక్కడ కూర్చున్న పెద్దావిడతో. నలభై ఏడో నంబరు."

తుడుపుకర్ర ఆగిపోయింది. ఆయా దగ్గరగా వంగింది.

"నేను కొత్తగా పనిలో చేరిన రోజులమ్మా. ఆవిడ కూర్చున్నచోటే పోయింది. మూడుసార్లు పిలిచి, వెళ్లిపోయిందని రాసేశారు. మర్నాడు నేనే చూశాను. నిద్రపోతోందనుకొని, తుడవాలి, కాళ్లెత్తమన్నాను... రెండుసార్లు అడిగానమ్మా." ఆమె కళ్లు తుడుచుకున్నది. "ఇప్పటికీ పుస్తకంలో ఆవిడ వెళ్లిపోయినట్టే ఉంది."

కండక్టరమ్మకు ముందు పుట్టింది భయం కాదు. కోపం పుట్టింది. మనిషి ప్రాణం పోయినదీ లేనిదీ చూడక, వెళ్లిపోయిందని రాసిన చెయ్యి ఎవరిది?

గోడమీద ఏదో గరగరలాడింది.

"నలభై... ఏడు."

ఎవరూ తలెత్తలేదు. ఆయా తుడుపుకర్రను నీళ్లలో ముంచుతున్నది. స్పీకరుకింద తెగిన తీగలు కదలకుండా వేలాడుతున్నాయి.

"నలభై... ఏడు."

పలకవచ్చునా? పలికితే ఏమవుతుంది? పలకకపోతే... మళ్లీ అదే మాట. వెళ్లిపోయింది.

"నలభై... ఏడు."

"ఉన్నారు!" అని అరిచింది కండక్టరమ్మ. "ఎక్కడికీ వెళ్లలేదు! ఇక్కడే ఉన్నారు, రాసుకోండి!"

గదిలోని తలలన్నీ ఆమెవైపు తిరిగాయి. చెల్లెలిని తీసుకెళ్లిన లోపలి తలుపు దానంతట అది తెరుచుకొని, మెల్లగా మూసుకున్నది. కుర్చీమీద రుమాలు లేదు. ఇన్నేళ్లకు ఒక అన్యాయం తీరిందనిపించి, ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

రాత్రి పొద్దుపోయాక డాక్టరు పిలిచాడు. "గండం గడిచిందమ్మా. ఆపరేషను మధ్యలో ఒక్క నిమిషం గుండె ఆగింది. మేము చెయ్యి వేసేలోపే మళ్లీ కొట్టుకుంది. అంతా సవ్యంగానే ఉంది."

నిరీక్షణశాలను ఆనుకొని ఉన్న గదిలో చెల్లెలిని పడుకోబెట్టారు. కండక్టరమ్మ ఆమె నుదురు నిమిరి, దుప్పటి సర్దబోయి ఆగిపోయింది. చెల్లెలి గుండెలమీద, నాలుగు మూలలూ సాపు చేసి, తడి రుమాలు పరిచి ఉన్నది.

"ఏమే... ఎలా ఉందే?"

చెల్లెలు కళ్లు తెరిచింది. తలను ఇటు తిప్పి, నిదానంగా చూసింది.

"చాలాసేపు కూర్చోబెట్టారు తల్లీ" అన్నది.

పుట్టి బుద్ధెరిగిననాటినుంచి ఆ నోట అక్కా అన్న పిలుపే గాని, మరొకటి వినలేదు కండక్టరమ్మ.

తలుపు అవతల ఏదో గరగరలాడింది.

"అరవై... మూడు."

కుర్చీల వరుసలోనుంచి చిన్న గొంతు ఒకటి... ఎవరికీ కష్టం కలిగించకూడదన్నట్లు, ఎంతో మర్యాదగా... "ఉన్నానండీ..." అన్నది.

"అరవై... మూడు."

పలకాలి. ఇప్పుడే పలకాలి. కండక్టరమ్మ నోరు తెరిచింది. మంచంమీది చెయ్యి లేచి ఆమె మణికట్టును పట్టుకున్నది. ఇనుములాంటి పట్టు. గొంతు పెగలలేదు.

"కోపం తగ్గించుకోండి తల్లీ" అన్నది చెల్లెలి నోరు, గుసగుసగా. "బుద్ధిగా కూర్చోండి."

బయట స్పీకరు మళ్లీ గరగరలాడింది.