వంచిన రేకు

నాకు కోపం ఎక్కువని మా షెడ్డుకి వచ్చేవాళ్ళందరికీ తెలుసు. ఎక్కువే. బ్రేకుల పని చేసేవాడికి ఆ మాత్రం ఉండాలి. "బండి ఆగుతోంది కదా, కాస్త చప్పుడొస్తే ఏమైంది?" అనే మనిషిని చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మా షెడ్డు ఒక ఏటవాలు రోడ్డుకి పైకొసన ఉంటుంది. గుమ్మంలో నిలబడితే రోడ్డు కిందిదాకా కనిపిస్తుంది. చివర మలుపు, మలుపులో రాతిగోడ. లోపల బండ్లు పైకెత్తే రెండు లిఫ్టులు, ఒక గోడ పొడుగునా సామాన్ల అరలు, ఎప్పుడూ పోని బ్రేక్ ఆయిల్ వాసన. షెడ్డు మా బావది. పని నాది. అక్క మొగుడు కాబట్టి ఆఖరి మాట కూడా ఆయనదే.

బ్రేకు ఊరికే అరవదు. వాన వెలిసిన పొద్దున మొదటి రెండు మూడు సార్లు బరబరమంటే అది చక్రంతో పాటు తిరిగే డిస్కు మీది తుప్పు, దానంతటదే పోతుంది. పెడలు మెత్తగా లోపలికి దిగిపోతే ఆయిల్లో గాలి చేరినట్టు. ఇనుము మీద ఇనుము రాసి గరగరమందంటే అప్పటికే ఆలస్యం చేసేశారు. వీటన్నిటికంటే ముందు సన్నగా ఒక కీచు వస్తుంది. డిస్కుని నొక్కిపట్టి బండిని ఆపే బ్రేక్ ప్యాడు పక్కన గోరంత రేకు ముక్క ఉంటుంది. ప్యాడు అరిగిపోవచ్చిందంటే ఆ రేకు డిస్కుకి తగిలి అరుస్తుంది. ఇంకా కొద్దిగా మిగిలుంది, ఇప్పుడే మార్చండి అని దానర్థం. దాన్ని పట్కారుతో వెనక్కి వంచేస్తే చప్పుడు పోతుంది. ప్యాడు మాత్రం అరుగుతూనే ఉంటుంది. ఆ పని చేసేవాణ్ణి నేను మెకానిక్ అనను.

మా షెడ్డులో ఒక పద్ధతుంది. బ్రేకు విప్పి బిగించినవాడే ఆ బండిని వాలు దించి, మళ్ళీ పైకి ఎక్కించి, చక్రం లోపలివైపు సుద్దతో తన గుర్తు వెయ్యాలి. నా గుర్తు సున్నాలో చుక్క. నేను నడిపి చూశాను, ఆగింది, పూచీ నాది అని. వేరేవాళ్ళ గుర్తు ఎవరూ వెయ్యరు.

లైబ్రరీలో పనిచేసే ఒక పెద్దావిడ మాకు పాత ఖాతాదారు. మేం లైబ్రరీ అమ్మ అనేవాళ్ళం. ఆవిడకి చప్పుడంటే పడదు. షెడ్డులో సుత్తి కాస్త గట్టిగా మోగినా పెదాల మీద వేలు పెట్టి "ష్..." అనేది. బండి ఇచ్చేటప్పుడు పుస్తకాల్లో పెట్టే చిన్న చీటీ ఒకటి తీసి, గుండ్రటి అక్షరాలతో రాసి, అద్దం తుడిచే పుల్ల కింద పెట్టేది. "కుడి వైపు. ముందు చక్రం. కీచు. నడిచేటప్పుడు." అంతే. బావ ఆ చీటీలు చదివి పగలబడి నవ్వేవాడు. నాకు మాత్రం ఆవిడంటే గౌరవం. బండి చెప్పేది వినే మనిషి ఆవిడొక్కతే.

నాకు జ్వరమొచ్చి రెండు రోజులు పనికి వెళ్ళలేదు. సరిగ్గా అప్పుడే ఆవిడ బండి తెచ్చింది. కీచు. ప్యాడ్లు మార్చాలి, మా దగ్గర లేవు. ఒక రోజు ఆగమని చెప్పొచ్చు కదా? చెప్పలేదు. బావ పట్కారు తీసుకుని రేకు వంచేశాడు. సుద్దముక్క తీసుకుని సున్నా చుట్టి మధ్యలో చుక్క పెట్టాడు. ప్యాడ్లు మర్నాడే వచ్చాయి. అరలో పన్నెండు రోజులు పడున్నాయి. ఒక్క ఫోను చెయ్యలేదు ఆ మహానుభావుడు. ఇదంతా నాకు ఆలస్యంగా తెలిసింది.

పదమూడో రోజు వానలో ఆవిడ బండి ఆ వాలు దిగి, మలుపు తిరక్కుండా నేరుగా గోడలోకి వెళ్ళింది.

రవాణా ఆఫీసు ఇన్స్పెక్టరు చక్రాలు విప్పడానికి నన్నే పిలిచాడు. ప్యాడ్లు లేవు, వాటి వెనకుండే ఉత్త ఇనప పలకలు మిగిలాయి. రేకు వెనక్కి వంచి ఉంది. చక్రం లోపల నా గుర్తు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. డాష్‌బోర్డు మీద ఒక చీటీ ఉంది. మా కోసమే రాసి పెట్టుకున్నట్టుంది. "చప్పుడు లేదు. సంతోషం."

ఆ రాత్రి బావ నా చేతులు పట్టుకున్నాడు. "మీ అక్క మొహం చూడరా. షెడ్డు మూయిస్తే రోడ్డున పడతాం" అన్నాడు. నేను గడ్డి తిన్నాను. చక్రం మీద సుద్ద తుడిచేశాను. "ఈ బండి సంవత్సరం నుంచీ మా షెడ్డుకి రాలేదు" అని రాసిన కాగితం మీద సంతకం పెట్టాను. తప్పంతా చచ్చిపోయిన మనిషి మీదకి తోశాను. ఆవిడ కొడుకు ఆఫీసు వరండాలో నిలబడి, "మా అమ్మకి బండంటే అంత జాగ్రత్త, ఎలా మర్చిపోయిందో" అని అందరినీ అడుగుతున్నాడు. నేను తల వంచుకుని పక్కనుంచి వచ్చేశాను.

అది జరిగిన నెలన్నరకి, ఒక మధ్యాహ్నం. మబ్బు పట్టి షెడ్డులో దీపాలు వెయ్యాల్సొచ్చింది. లిఫ్టు మీద ఒక డాక్టరు గారి కారు ఉంది. నాలుగు చక్రాలూ విప్పి కింద పెట్టాను. తాళంచెవి నా జేబులో ఉంది.

కీచుమంది.

సన్నగా, ఆగకుండా, ముందు కుడి వైపు నుంచి. చెయ్యి పెట్టి చూశాను. డిస్కు తిరగడం లేదు. ఏదీ దేనికీ రాసుకోవడం లేదు. అయినా చప్పుడు వస్తూనే ఉంది. పాత కాగితాల వాసన ముక్కుకి తగిలింది... మా షెడ్డులో రాని వాసన.

వెనక్కి తిరిగి చూస్తే బావ రేడియో గొంతు పెంచుతున్నాడు.

"నీకూ వినపడుతోంది కదా బావా?"

"నాకేం వినపడట్లేదు. పని చూసుకో."

మొహం పాలిపోయి ఉంది. అబద్ధం కూడా సరిగా ఆడలేడు. నేను కారు ముందుకి వచ్చాను. అద్దం తుడిచే పుల్ల కింద చీటీ. "కుడి వైపు. ముందు చక్రం. కీచు." గుండ్రటి అక్షరాలు. వేలితో తాకితే సిరా అంటుకుంది. బావ చీటీ లాక్కుని నాలుగు ముక్కలు చేశాడు. "ఎవడో ఆటలాడుతున్నాడు" అన్నాడు.

సాయంత్రం అయిదింటికి అక్క వచ్చింది. ఇంటి కారు తెచ్చింది. కింద బస్టాండులో వాళ్ళ అత్తగారు దిగుతుంది, తీసుకురావాలి. వానలో వాలు దిగాలి.

"తమ్ముడూ, పొద్దుట్నుంచీ ఒకటే కీచురా. చెవులు చిల్లులు పడుతున్నాయి. కాస్త చూడు."

చక్రం విప్పాను. నెల కిందట నేను వేసిన ప్యాడ్లే. ఇంకా వేలెడు మందం ఉన్నాయి. రేకు డిస్కుకి ఎక్కడో దూరంగా ఉంది. బండి ఆగే ఉంది... రేకు మాత్రం అరుస్తోంది. వేలు ఆనిస్తే సన్నగా అదురుతోంది, భయపడ్డ పిల్లి ఒళ్ళు అదిరినట్టు.

"అక్కా, ఈ బండిలో వెళ్ళకు."

"ఎందుకు? ఏమైంది?"

నా నోట మాట వచ్చేలోపు బావ నన్ను పక్కకి నెట్టి చక్రం ముందు కూర్చున్నాడు. చేతిలో పట్కారు. ఒక్క వంపు వంచాడు. చప్పుడు పోయింది.

వాన కూడా ఆగినట్టనిపించింది. అంత నిశ్శబ్దం.

"అయిపోయింది. దీనికింత గొడవా?" అన్నాడు. చక్రం బిగించబోతూ జేబులోంచి సుద్దముక్క తీశాడు. సున్నా చుట్టాడు. చుక్క పెట్టబోతుంటే ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"ఆ గుర్తు నాది."

"వదలరా."

"అది నాది, బావా! ఒకసారి నా గుర్తు వేసి ఒక మనిషిని గోడకి కొట్టించావు. ఇప్పుడు నీ పెళ్ళాం చక్రం మీద కూడా వేస్తావా? సిగ్గుందా నీకు?"

అలా అరిచేశాను. ఆపుకోలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు. రేకు, సుద్ద, అరలో పడున్న ప్యాడ్లు, అన్నీ అక్క ముందే కక్కేశాను. అక్క కదలకుండా విన్నది. బావ వైపు కూడా చూడలేదు. నన్నే చూసింది.

"ఆ కాగితం మీద నువ్వూ సంతకం పెట్టావా?"

నా కోపమంతా ఎక్కడికి పోయిందో పోయింది. తల ఊపాను. అక్క చేతిలోని గొడుగు కింద పడేసింది. తియ్యలేదు.

"ఇద్దరూ కలిసే చేశారన్నమాట" అంది.

బావకి రోషం ముంచుకొచ్చింది. చక్రం తనే బిగించాడు. "ఈ బండికి ఏ రోగం లేదు. ఇప్పుడే దించి, ఎక్కించి చూపిస్తా" అన్నాడు. తలుపు పట్టుకుని ఆపబోయాను. తోసేశాడు. పిచ్చి మొండితనం. బండి గుమ్మం దాటింది.

నేనూ అక్కా గుమ్మంలోకి పరిగెత్తాం. వానలో బండి వాలు దిగుతోంది. వెనక ఎర్రదీపాలు వెలిగాయి. బ్రేకు నొక్కాడు. ఆరలేదు. నొక్కే ఉంచాడు. బండి వేగం తగ్గలేదు... పెరిగింది. టైర్లు జారిన చప్పుడు లేదు. హారను లేదు. ఇంజను చప్పుడు కూడా లేదు. రోడ్డంతా ఎవరో నోరు మూసినట్టు... ఎర్రదీపాలు మాత్రం చిన్నవైపోతూ చిన్నవైపోతూ...

గోడ.

ఆ చప్పుడు మాత్రం వినపడింది.

బతికాడు. రెండు కాళ్ళూ నుజ్జయ్యాయి. నేను వెళ్ళేసరికి స్టీరింగు మీద వాలిపోయి ఉన్నాడు. నా కాలరు పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు.

"నొక్కానురా... రెండు కాళ్ళతో నొక్కాను..."

"మాట్లాడకు బావా. వస్తున్నారు."

"నేను అరవబోయాను... పక్క సీట్లోంచి... 'ష్' అంది."

పక్క సీటు ఖాళీ. దాని మీద పాత కాగితాల వాసన.

చక్రం నేనే విప్పాను. గంట కిందట వేలెడు మందం ఉన్న ప్యాడ్లు అరిగి ఇనప పలకలయ్యాయి. బావ వంచిన రేకు తిన్నగా నిలబడి ఉంది. చక్రం లోపల సున్నా ఉంది. దాని మధ్యలో చుక్క కూడా ఉంది. బావని నేను పెట్టనివ్వని చుక్క.

ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో అక్క ఒక్క మాటే అంది. "రేపు పొద్దున్నే వెళ్ళి ఇన్స్పెక్టరుకి నిజం చెప్పు. ఆవిడ కొడుక్కీ చెప్పు." సరేనన్నాను. పొద్దున్నే బావకి ఆపరేషను. అది కానీ అన్నాను. అయింది. ఇంటికి రానీ అన్నాను. వచ్చాడు. గాయం మానుతోంది కదా, ఈ వారం పోనీ అన్నాను. షెడ్డుకి తాళం వేశాం. ఎక్కడా కీచు లేదు. బావని తిట్టుకుంటూ కూర్చోవడం తేలిగ్గానే ఉంది. నన్ను నేను తిట్టుకోవడానికి మాత్రం రోజూ ఏదో ఒక అడ్డం వచ్చింది. పద్దెనిమిది రోజులు గడిచాయి.

పందొమ్మిదో రోజు పొద్దున చెయ్యి కడుక్కుని వంటింట్లోకి వస్తున్నాను. అక్క స్టవ్వు దగ్గర నుంచి తిరిగి చూసింది.

"ఏంట్రా ఆ చప్పుడు?"

"ఏ చప్పుడు?"

"ఆగు. కదలకు." ఊపిరి బిగపట్టి విన్నది. "ఇప్పుడు లేదు. ఒక్క అడుగు వెయ్యి."

వేశాను. నాకూ వినపడింది. సన్నగా, నా చొక్కా లోపలి నుంచి, ఎడమ వైపు.

కీచు.

గుండె మీద చెయ్యి వేసుకుంటే చొక్కా జేబులో కాగితం తగిలింది. ఉతికి ఆరేసి, అప్పుడే తీసి వేసుకున్న చొక్కా. చీటీ తీశాను. సిరా నా వేళ్ళకి అంటుకుంది.

"బండి కాదు. మనిషి. ఎడమ వైపు. కీచు. ఇంకా కొద్దిగా మిగిలుంది."

అక్క చదివింది. ఏడవలేదు. స్టవ్వు ఆర్పేసి, నా చెప్పులు తెచ్చి గుమ్మం ముందు పెట్టింది. "ఇవాళైనా వెళ్తావా?" అని గుసగుసగా అడిగింది.

వెళ్ళాను. రవాణా ఆఫీసు వాలుకి దిగువన, గోడ దాటాక ఉంటుంది. బండి ఎక్కే ధైర్యం లేక నడిచే వెళ్ళాను. అడుగు వేసినప్పుడల్లా కీచు. ఎదురొచ్చిన వాళ్ళు ఆగి నా వైపు చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను. చెప్పాల్సిన మాటలు నోట్లో కూడబలుక్కుంటున్నాను. నా సంతకం, నా సుద్ద, నా తప్పు. ఆవిడ కొడుకు ముందు తల ఎత్తుకుని చెప్పాలి. గోడ దగ్గరికొచ్చాను. రాళ్ళు ఇంకా సరిచెయ్యలేదు. ఆఫీసు గేటు కనపడుతోంది. ఇంకో నలభై అడుగులు, అంతే.

అక్కడ చప్పుడు ఆగిపోయింది.

ఇంకో అడుగు వేశాను. లేదు. ఇంకోటి. లేదు. నా చెప్పుల చప్పుడు కూడా లేదు. బ్రేకు అరవడం మానేసిందంటే ప్యాడ్లన్నా మార్చి ఉండాలి, ఎవరో రేకన్నా వంచి ఉండాలి. నేనింకా ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఆగుదామనుకున్నాను. కాళ్ళు ఆగలేదు... మలుపు తిరక్కుండా నేరుగా గోడకేసి నడుస్తూనే ఉన్నాయి. అక్కని పిలుద్దామని నోరు తెరిచాను.

చెవి పక్కన ఎవరో మెల్లగా "ష్..." అన్నారు.